విజయవాడ ఎండకు 1.5 టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ: పెట్టెలో ఏముంది, బిగింపులో ఏం పోతుంది

పడకగదికి ఏసీ కొందామని బయల్దేరిన విజయవాడ, గుంటూరు వాళ్లలో ఎక్కువమంది చివరికి ఇంటికి తెచ్చుకునేది 1.5 టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్టే. ఈ సమీక్ష దాని గురించే. ఇక్కడ ఏ కంపెనీకీ మార్కులు వేయడం లేదు. ఒకే ధరలో దొరికే నాలుగు కంపెనీల మిషన్ల మధ్య ఉండే తేడా కన్నా, ఒకే మిషన్‌ను శ్రద్ధగా బిగించడానికీ ఆదరాబాదరాగా బిగించడానికీ మధ్య వచ్చే తేడా చాలా ఎక్కువ. షోరూంలో రెండు గంటలు బేరమాడి, బిగించే రోజున మెకానిక్‌ను ఒక్కణ్నే గదిలో వదిలేసి వెళ్లిపోవడం దగ్గరే డబ్బు వృథా అవుతోంది.

ముందు లోపల ఏముందో చూద్దాం. ఏసీ చలిని పుట్టించదు, గదిలో వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. ఆ మోతకు కావాల్సినవి నాలుగే. బయట పెట్టెలో కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కి వేడెక్కిస్తుంది. దాని చుట్టూ వంగి ఉన్న జల్లెడ లాంటి కండెన్సర్ కాయిల్‌లో ఆ గ్యాస్ తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవం అవుతుంది. సన్నటి క్యాపిలరీ గొట్టం గుండానో, ఎలక్ట్రానిక్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ గుండానో దూరేసరికి ఆ ద్రవం ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి చల్లబడుతుంది. లోపల గోడకున్న పెట్టెలో ఎవాపరేటర్ కాయిల్ దగ్గర గది వేడిని పీల్చుకుని మళ్లీ గ్యాస్ అవుతుంది. కిటికీ ఏసీ అయినా, సినిమా హాలు ఏసీ అయినా, ఇంట్లో ఫ్రిజ్ అయినా, గుంటూరు చుట్టూ మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ అయినా తిరిగేది ఈ చక్రమే. కోల్డ్ స్టోరేజీల్లో చాలాచోట్ల ఇంటి ఏసీల గ్యాస్ బదులు అమ్మోనియా వాడతారు, అంతే తేడా.

ఇన్వర్టర్ అంటే కంప్రెసర్ వేగాన్ని తగ్గించే, పెంచే సర్క్యూట్. పాత రకం కంప్రెసర్ పూర్తి వేగంతో తిరిగి, గది చల్లబడగానే ఆగి, మళ్లీ మొదలవుతుంది. మొదలైన ప్రతిసారీ మామూలు కన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఇన్వర్టర్ అయితే గది చల్లబడ్డాక నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. ఆదా అంతా ఆ నెమ్మదిలోనే ఉంది. అందుకే తలుపులు మూసి రాత్రంతా వాడే పడకగదికి ఇది బాగా పనికొస్తుంది. అరగంట వేసి, ఆపి, మళ్లీ అరగంట వేసే అలవాటు ఉన్న ఇంట్లో ఇన్వర్టర్‌కు పెట్టిన అదనపు డబ్బు తిరిగి రాదు.

ఇప్పుడు అసలు చిక్కు. డబ్బా మీద రాసే చల్లదనం సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు పెట్టి కొలుస్తారు. రోహిణి కార్తెలో మన దగ్గర బయట 44, 45. ఆ వేడిలో అదే మిషన్ అంత చల్లదనం ఇవ్వలేదు, ఏ కంపెనీదైనా సరే. 52 డిగ్రీల్లోనూ పనిచేస్తుందని రాసి ఉంటే ఆగకుండా నడుస్తుందన్న భరోసా మాత్రమే, పూర్తి సామర్థ్యం ఇస్తుందని కాదు. స్పెసిఫికేషన్ కాగితంలో 46 డిగ్రీలో, 48 డిగ్రీలో ఉన్నప్పుడు ఎన్ని వాట్లు ఇస్తుందో విడిగా రాసిన మోడల్ దొరికితే దానికి మొగ్గు చూపండి. ఇంకో అంకె కూడా చూడాలి. లెక్క ప్రకారం టన్ను అంటే 3.517 కిలోవాట్లు, అంటే గంటకు 12,000 బీటీయూలు. ఆ చొప్పున 1.5 టన్నులకు 5.27 కిలోవాట్లు రావాలి. షాపులో 1.5 టన్నులని అమ్మేవాటిలో 4.75 నుంచి 5.1 కిలోవాట్ల దాకా రకరకాలు ఉంటాయి. టన్ను మాట వదిలి ఆ కిలోవాట్ల అంకెను పట్టుకుని పోల్చండి. వెయ్యి రూపాయలు తక్కువకు వస్తోందని తెచ్చుకున్న మిషన్ చాలాసార్లు చిన్న మిషనే అయి ఉంటుంది.

ఎంత గదికి ఎంత? కింద, మధ్య అంతస్తుల్లో 120 చదరపు అడుగులకు టన్ను, 180కి టన్నున్నర సరిపోతుంది. శ్లాబు కిందే ఉన్న పై అంతస్తుకు ఈ లెక్క పనికిరాదు. పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి పదకొండు దాకా గదిలోకి వేడి దింపుతూనే ఉంటుంది, పడమటి గోడ కూడా తోడైతే ఇంకా కష్టం. అలాంటి చోట టన్నుకు 90, 100 అడుగులే లెక్కేసుకోవాలి. 150 అడుగుల పై అంతస్తు గదికి టన్నున్నర తప్పదు. అయితే 2 టన్నులకు ఎగబడే ముందు డాబా మీద చూడండి. వేసవికి ముందు రెండు పూతల సున్నమో, తెల్లటి కూల్ రూఫ్ పెయింటో వేయించినా, తెల్ల టైల్స్ ముక్కలు పరిపించినా శ్లాబు కాగడం బాగా తగ్గుతుంది. డాబా మీద తాటాకు పందిరి వేసుకున్న పాతకాలం వాళ్లు చేసింది సరిగ్గా ఈ పనే. ఏసీ మీద పెట్టే డబ్బులో కొంత ముందు డాబాకు పెట్టడం తెలివైన పని.

అవసరానికి మించి పెద్ద మిషన్ పెట్టినా సుఖం ఉండదు. గది చప్పున చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, గాలిలో తేమ మాత్రం అలాగే ఉండిపోతుంది. జులై, ఆగస్టుల ఉక్కపోతలో చల్లగా ఉన్నా జిగటగా అనిపించే గదులకు చాలావరకు ఇదే కారణం.

స్టార్ల సంగతి. స్టార్లు ఇచ్చే కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లేబుల్ మీద ఐఎస్ఈఈఆర్ అనే అంకె ఉంటుంది. ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడిని మోసిందో చెప్పే సగటు అది. 24 నుంచి 43 డిగ్రీల దాకా వాతావరణంలో ఏడాదికి 1600 గంటలు వాడతారని లెక్కేసి తీస్తారు. ఏ అంకెకు ఎన్ని స్టార్లో చెప్పే పట్టికను 2022 జులైలో కఠినం చేశారు. అంతకు ముందు 4.5 దాటితే 5 స్టార్ దక్కేది, ఆ తర్వాత 5 దాటాల్సి వచ్చింది. అంటే పాత 5 స్టార్ ఆ పట్టికలో 4 స్టార్ అయింది. పాత స్టాకు తగ్గింపు ధరకు ఇస్తున్నారంటే లేబుల్ మీద స్టార్లు లెక్కపెట్టకుండా అంకె, సంవత్సరం చదవండి.

3 స్టార్ చాలా, 5 స్టార్ కావాలా అన్నది మన కరెంటు శ్లాబులే తేలుస్తాయి. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన ఇంటి టారిఫ్‌లో నెలకు 226 నుంచి 400 యూనిట్ల దాకా యూనిట్‌కు 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. సర్దుబాటు ఛార్జీలు వేరే. ఏసీ ఉన్న ఇల్లు మే నెలలో 225 దాటకుండా ఉండదు కాబట్టి, ఏసీ మిగిల్చే ప్రతి యూనిట్టూ పై శ్లాబులోంచే మిగులుతుంది. లేబుల్ మీద ఒకదానికి ఏడాదికి 1000 యూనిట్లు, ఇంకోదానికి 800 అని ఉందనుకోండి. తేడా 200 యూనిట్లు, 1750 రూపాయలు. ధరలో తేడా ఎనిమిది వేలైతే తిరిగి రావడానికి నాలుగున్నరేళ్లు పైనే. మార్చి నుంచి అక్టోబరు దాకా రోజూ పది గంటలు వాడే ఇంట్లో ఏడాదికి 2400 గంటలవుతాయి, అక్కడ మూడేళ్లకే తిరిగొస్తుంది. అతిథుల గదికి మాత్రం 3 స్టార్ చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కనుక పాత ధరల పట్టిక చూపించి తగ్గింపు అనేవాళ్ల మాట నమ్మవద్దు.

గ్యాస్ విషయంలో ఇప్పుడు చాలావాటిలో వచ్చేది ఆర్-32. పాత ఆర్-22 ఓజోన్ పొరకు చెరుపు చేసేది. ఆర్-410ఏ ఓజోన్‌కు చెరుపు చేయదు కానీ భూతాపాన్ని పెంచే గుణం, కార్బన్ డయాక్సైడ్‌ది 1 అనుకుంటే, 2088. ఆర్-32కి అది 675. కొన్ని మోడళ్లలో వచ్చే ఆర్-290, అంటే ప్రొపేన్, 3 దగ్గరే ఉంటుంది. కాకపోతే వంట గ్యాస్ లాంటిదే కాబట్టి అంటుకుంటుంది. ఆర్-32 కూడా కొద్దిగా మండే గుణమున్నదే, అది లోపల ఉండగా గొట్టాలకు వెల్డింగ్ చేయనివ్వకూడదు. దాని ఒత్తిడి కూడా ఎక్కువ. మండుటెండలో బయట కాయిల్ వైపు 500 పీఎస్ఐ దాటుతుంది. అదే పరిస్థితిలో ఆర్-22 మూడు వందల చిల్లర దగ్గర ఉండేది. పాత ఏసీ రాగి గొట్టం బాగానే ఉంది, కొత్తదానికి అదే వేసేద్దామనే మెకానిక్‌కు వద్దని చెప్పడానికి ఈ అంకె చాలు.

కాయిల్ రాగిదే తీసుకోండి. అల్యూమినియం కాయిల్‌కు చిల్లు పడితే అతికేవాడు దొరకడం కష్టం, మొత్తం కాయిల్ మార్చాల్సి వస్తుంది. డైకిన్, బ్లూస్టార్ లాంటివాళ్లు మన శ్రీసిటీలోనే ఫ్యాక్టరీలు పెట్టారు. ఫ్యాక్టరీ దగ్గరున్నంత మాత్రాన సర్క్యూట్ బోర్డు మరునాడే రాదు. కొనే ముందు ఆ మోడల్ బోర్డు మీ ఊరి సర్వీసు సెంటర్లో ఉంటుందా అని అడగడం మేలు. ఇన్వర్టర్ ఏసీలో అన్నిటికన్నా ఖరీదైన రిపేరు అదే. వోల్టేజీ ఎగుడుదిగుళ్లు ఒక కారణం, అవుట్‌డోర్‌లోకి దూరి బోర్డు మీద చచ్చే బల్లులు ఇంకో కారణం. గొట్టాలు వచ్చే కన్నాన్ని పుట్టీతో మూసేస్తే రెండో కారణం పోతుంది.

మిగతా రకాలతో పోలిస్తే? కిటికీ ఏసీ ఒకే పెట్టె. గొట్టాలు కంపెనీలోనే అతికి వస్తాయి కనుక బిగింపులో గ్యాస్ పోయే ప్రమాదం లేదు, అద్దె ఇల్లు మారినప్పుడు విప్పుకెళ్లడం తేలిక. చప్పుడు ఎక్కువ, కిటికీ పోతుంది. ఏటా ఇల్లు మారేవాళ్లకు ఇప్పటికీ అదే మంచిది.

కూలర్‌ను తీసిపారేయక్కర్లేదు, ఎప్పుడు పనిచేస్తుందో తెలుసుకుంటే చాలు. మే మధ్యాహ్నం వడగాలి కొడుతున్నప్పుడు 42 డిగ్రీలు, తేమ 25 శాతం అనుకుంటే తడి ఆరడం వల్ల గాలి చల్లబడగలిగే హద్దు 26 దగ్గర ఉంటుంది. మంచి కూలర్ 30, 31 డిగ్రీల గాలి ఇస్తుంది, ఆ పూటకు అది వరమే. సాయంత్రం గాలి సముద్రం వైపు మళ్లి 34 డిగ్రీలు, 65 శాతం తేమ అయ్యేసరికి ఆ హద్దే 28 దాటుతుంది. అప్పుడు కూలర్ ఇచ్చేది 30 డిగ్రీల తడిగాలి, ఒళ్లు ఆరదు. వానలు పడ్డాక దాన్ని అటకెక్కించడమే. వాడినప్పుడు ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి, బోరు నీళ్ల ఉప్పు ప్యాడ్లకు పేరుకుంటుంది కనుక వారానికోసారి టబ్బు ఖాళీ చేసి కడగాలి.

బీసెంట్ రోడ్డు లాంటి చోట దుకాణం పెట్టేవాళ్లకు సీలింగ్‌లో అమర్చే క్యాసెట్ ఏసీ నప్పుతుంది, ఫాల్స్ సీలింగ్ పైన అడుగు ఖాళీ ఉండాలి, నీటిని పైకెత్తే చిన్న పంపు లోపలే ఉంటుంది. కల్యాణ మండపాలకు పెద్ద గొట్టాల గుండా చల్లగాలి పంచే డక్టబుల్. ఒక అవుట్‌డోర్ మీద చాలా ఇండోర్లు నడిచే వీఆర్ఎఫ్‌ను నాలుగైదు గదుల పెద్ద ఇంటికి అంటగడుతున్నారు కానీ, అవుట్‌డోర్ ఆగిన రోజున ఇల్లంతా ఉడుకుతుంది. బాల్కనీల్లో చోటు ఉన్నంత కాలం ఇంటికి విడి స్ప్లిట్లే నయం. నీటిని చల్లబరిచి గదులకు తిప్పే చిల్లర్, కూలింగ్ టవర్ ఉన్న వ్యవస్థలు పెద్ద ఆసుపత్రులకు, మాల్స్‌కు.

వేడి చేసే సౌకర్యం గురించి ఒక్క మాట. హాట్ అండ్ కోల్డ్ మోడల్లో ఫోర్ వే వాల్వ్ ఒకటి అదనంగా ఉండి గ్యాస్ దారిని తిప్పేస్తుంది, బయటి వేడి లోపలికి వస్తుంది. సంక్రాంతి చలికి దుప్పటి చాలే మన ఊళ్లో దానికి డబ్బు పెట్టవద్దు.

ఇక బిగింపు. బయటి పెట్టెకు వెనక అడుగు, ముందు రెండు మూడు అడుగులు ఖాళీ కావాలి. అపార్టుమెంట్లలో గొట్టాలు దిగే ఇరుకు డక్టులో పెడితే అది వదిలిన వేడిగాలినే అది మళ్లీ పీల్చుకుంటుంది. బయట 43 ఉంటే దాని చుట్టూ 50 దాటుతుంది, కంప్రెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తుంది, గది చల్లబడదు. మధ్యాహ్నం మూడింటికి ఏసీ పనిచేయట్లేదన్న ఫిర్యాదుల్లో గ్యాస్ తప్పు లేనివి చాలా ఉంటాయి, తప్పు చోటుదే. డాబా మీద పెడితే అడుగు ఎత్తు స్టాండు, పైన నీడ ఉండాలి. నాలుగు వైపులా మూసేసే పెట్టె మాత్రం కట్టించవద్దు.

టన్నున్నరకు సాధారణంగా పావు అంగుళం, అర అంగుళం రాగి గొట్టాలు వాడతారు. గోడ మందం 0.8 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. డబ్బాతో వచ్చేది చాలాసార్లు 3 మీటర్లే, ఎక్కువ కావాల్సినప్పుడు మధ్యలో అతుకు పెట్టకుండా మొత్తం ఒకే గొట్టం వేయించండి. మాన్యువల్లో చెప్పిన పొడవు దాటితే మీటరుకు 15 నుంచి 20 గ్రాముల గ్యాస్ అదనంగా తూకం వేసి ఎక్కించాలి. రెండు గొట్టాలకూ విడివిడిగా నైట్రైల్ రబ్బరు తొడుగు, ఎండ తగిలే చోట పైన టేపు చుట్టాలి. మామూలు తెల్ల ఫోమ్ రెండు వేసవులకే పొడి అయి రాలిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా ఎగ్గొట్టే పని వాక్యూమ్. గొట్టాలు బిగించాక వాటిలో ఉన్న గాలిని, తేమను పంపుతో లాగేయాలి. పావుగంట నుంచి అరగంట, లోపల ఎంత గాలి మిగిలిందో చూపే మైక్రాన్ గేజ్ 500 కిందికి రావాలి, పంపు ఆపాక పది నిమిషాలు అక్కడే నిలవాలి. దానికి బదులు వాల్వు కాస్త తెరిచి అవుట్‌డోర్‌లోని గ్యాస్‌తోనే గాలిని బయటకు తోసేసి అయిపోయిందంటారు. అందులో మూడు నష్టాలున్నాయి. గ్యాస్ తగ్గిపోతుంది, మండే గ్యాస్ చుట్టూ గాలిలోకి వస్తుంది, లోపల మిగిలిన తేమ కంప్రెసర్ నూనెతో కలిసి ఆమ్లమై వైండింగును తినేస్తుంది. మూడోది రెండు మూడేళ్ల తర్వాత బయటపడుతుంది, అప్పటికి బిగించినవాణ్ని ఎవరూ అడగరు. బుక్ చేసేటప్పుడే వాక్యూమ్ పంపు తెస్తారా అని అడగండి. తేకపోతే ఆ రోజు పని ఆపించండి, మొహమాటం వద్దు.

గొట్టం చివరను వెడల్పు చేసి నట్టుతో బిగించే ఫ్లేర్ జాయింట్లు కారుతున్నాయేమో సబ్బు నురగ పూసి చూడాలి. కరెంటుకు మెయిన్ బోర్డు నుంచి విడి లైను కావాలి. రాగి తీగ 2.5 స్క్వేర్ ఎంఎంకు తగ్గకూడదు, దూరం ఎక్కువైతే 4. కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్, అంటే సీ కర్వ్ రకం 20 ఆంపియర్ల ఎంసీబీ, పనిచేసే ఎర్తింగ్ ఉండాలి. పాత సాకెట్లో ప్లగ్గు పెట్టి నడిపితే ఎనిమిది ఆంపియర్లు గంటల తరబడి లాగి ప్లగ్గు కాళ్లు నల్లబడతాయి. ఇన్వర్టర్‌కు స్టెబిలైజర్ అక్కర్లేదన్నది డబ్బా మీద రాసిన వోల్టేజీ పరిధిలోనే నిజం. రాత్రి తొమ్మిదింటికి మీ ఇంట్లో వోల్టేజీ ఎంతో కొలిపించి నిర్ణయించుకోండి. ఊరి చివరి ట్రాన్స్‌ఫార్మర్ల కింద ఆ వేళకు బాగా పడిపోయే వీధులున్నాయి.

వాడకంలో వచ్చే తంటాల్లో మొదటిది గ్యాస్ అయిపోయిందనే మాట. గ్యాస్ పెట్రోలు కాదు, అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు చూపించి, మూసి, వాక్యూమ్ తీసి, అవుట్‌డోర్ పెట్టె మీది ప్లేటులో రాసినన్ని గ్రాములు తూకం వేసి ఎక్కించమనండి. ఏటా గ్యాస్ టాప్ అప్ చేయించుకోవడం అంటే కారే బిందెలో నీళ్లు పోసుకోవడం. కాయిల్ మీద మంచు కడితే ముందు ఫిల్టర్ చూడండి, అది శుభ్రంగా ఉండి కూడా కడితే గ్యాస్ తక్కువ. ఇండోర్ నుంచి నీళ్లు కారితే డ్రెయిన్ ట్రేలో పాచి.

ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి, గుంటూరులో మిర్చి, పత్తి దుమ్ము తగిలే పేటల్లో వారానికోసారి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టాలి. ఉగాదికి ముందొకసారి, దసరా తర్వాత ఒకసారి పంపుతో కడిగే సర్వీసు చేయించాలి. ఇండోర్ ఒక్కటే కడిగి వెళ్లే సర్వీసు సగం సర్వీసే. దుమ్ము పట్టి ఎక్కువ ఇబ్బంది పడేది బయటి కాయిల్.

డెమోకు వచ్చినవాళ్లు వెళ్లేలోపు మూడు పనులు చేయించండి. చెంబెడు నీళ్లు ఇండోర్ ట్రేలో పోసి డ్రెయిన్ పైపు చివర వస్తున్నాయో లేదో చూడాలి. పైపు మీటరుకు సెంటీమీటరు చొప్పున కిందికి వాలాలి, చివర బకెట్ నీళ్లలో మునిగి ఉండకూడదు. పావుగంట పూర్తి వేగంతో నడిపించి, పైన పీల్చే గాలినీ కింద వదిలే గాలినీ థర్మామీటరుతో కొలవాలి. 10 నుంచి 14 డిగ్రీల తేడా రావాలి, వానాకాలం ఉక్కలో అయితే 8 వచ్చినా తప్పు లేదు. ఆ అంకె, తేదీ, వాక్యూమ్ ఎంతసేపు పెట్టారో వారంటీ కార్డు వెనక రాయించి సంతకం తీసుకోండి. మూడేళ్ల తర్వాత చల్లదనం తగ్గిందని అనిపించినప్పుడు మళ్లీ అదే థర్మామీటరు పెట్టి పోల్చి చూసుకోవచ్చు.